నడిమి కప్పు

పోయిన శుక్రవారం సాయంత్రం ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌కి పప్పులకని వెళ్ళాను. టీపొడుల అర ముందు ఒక అమ్మాయి చిన్న బల్ల వేసుకుని నిలబడి ఉంది. బల్ల మీద ఫ్లాస్కు, చిట్టి కాగితం కప్పులు, ఏదో కొత్త బ్రాండు పెట్టెలు. "బ్లాక్ టీ మేడమ్, ఒక్కసారి టేస్ట్ చేయండి" అంటూ ఒక కప్పు నా చేతిలో పెట్టింది. సంచీ చంకలో ఇరికించుకుని ఒక్క గుక్కలో మింగేశాను.

"ఎలా ఉంది మేడమ్?"

"బాగుందమ్మా" అనేసి రెండడుగులు వేశాను. మూడో అడుగు పడలేదు. చెవి పక్కన ఆయన గొంతు ఖంగుమంది. "మంచిగుంది అంటె జవాబు కాదు బిడ్డా. ఎట్ల మంచిగుంది?"

ఈ ఒక్క ప్రశ్నతో పన్నెండేళ్ళు నన్ను కాల్చుకు తిన్న మనిషి పోయి మూడు వారాలయిందని నాకు ముందురోజే తెలిసింది. బతికున్నన్నాళ్ళూ రెజిమెంటల్ బజార్‌లో తన కొట్లో కూర్చుని విసిగించేవాడు. ఇప్పుడు మా ఇంటి పక్కకే వచ్చి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, "ఇంకో కప్పు ఇవ్వమ్మా, ఇందాక సరిగా చూడలేదు" అన్నాను. ఊరికే వచ్చేదానికి ఎగబడే మనిషిననుకుని ఆ పిల్ల మొహం చిట్లించుకుంటూ పోసింది. ఈసారి నాలుక మీద ఆపి తాగాను. "రంగుంది, వాసన లేదు. చేదు నోట్లో పెట్టగానే తగులుతోంది. ఎప్పుడు కాచావు?" అన్నాను. "పొద్దున పదింటికి మేడమ్, ఫ్లాస్కులోనే ఉంది" అంది నీరసంగా. పాపం, ఆ అమ్మాయి తప్పేముంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరంటే ఆయనకి పట్టింపు లేదు, కొట్టుకి బోర్డే పెట్టలేదు. బోర్డు లేకపోతే కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "ముక్కున్నోళ్ళు వస్తరు. లేనోళ్ళతోటి మనకేం పని?" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు ఆ మాట గుర్తొచ్చిందో చెప్పలేను.

ముందు నా గోల కొంచెం చెప్పాలి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం మాది, కాఫీ ఇల్లు. ముప్పై అయిదు దాటాక నాకు పాలు పడటం మానేశాయి. పాలు లేని కాఫీ గొంతు దిగలేదు, టీలో పడ్డాను. టీపొడి పేరుతో మనకి ఏమేం అమ్ముతున్నారో పాలు మానేశాకే తెలిసింది. ఎర్ర ప్యాకెట్టు పొడి వేస్తే రంగు బ్రహ్మాండంగా వచ్చేది, వాసన మాత్రం వెతికినా ఉండేది కాదు. ఆకుపచ్చ ప్యాకెట్టుది రెండు నిమిషాలు దాటితే నాలుక గీరుకుపోయేది, రెండు నిమిషాల్లోపు వడకడితే ఒట్టి వేణ్ణీళ్ళు. బంగారు రంగు డబ్బాలో వచ్చే ఖరీదైన ఆకు టీ తడిసిన గోనెసంచి వాసన వేసేది. దారం కట్టిన టీ సంచులు సరేసరి, కాగితం ఉడకబెట్టుకు తాగినట్టుండేది. మా వారికి ఈ బాధలేవీ లేవు. ఎర్ర ప్యాకెట్టు, చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార. కుడితిలో అంత పంచదార వేసి ఇచ్చినా ఊదుకుంటూ తాగేస్తారు. "టీ అంటే టీయే కదే, దీనికి కూడా రీసెర్చ్ ఎందుకు?" అనేవారు.

మా స్కూలు రెజిమెంటల్ బజార్‌కి రెండు సందుల అవతల. లెక్కలు చెబుతాను. ఒక శనివారం మధ్యాహ్నం స్కూలు వదిలాక ఆ సందులో నడుస్తుంటే, ఎక్కడినుంచో అప్పుడే నీళ్ళు పోసిన టీ ఆకు వాసన వచ్చి నన్ను ఆపేసింది. వెళ్ళి చూస్తే ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటులేనంత కొట్టు. గోడల నిండా రేకు డబ్బాలు, ఒక కరెంటు కెటిల్, పిడులు లేని మూడు తెల్ల పింగాణీ కప్పులు. గల్లా వెనక బక్కపలచటి మనిషి, తెల్లగడ్డం, మార్చి ఎండల్లో చేతుల్లేని స్వెట్టరు.

"అర కిలో మంచి టీపొడి ఇవ్వండి" అన్నాను.

"ఎవరు తాగుతరు?"

"నేనే."

"పాలతోటా, ఒట్టిదా?"

"ఒట్టిదే."

అప్పుడు తలెత్తి చూశాడు. "ఏ నీళ్ళు?"

"ఏ నీళ్ళేమిటండీ? నీళ్ళు."

"నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా, ఫిల్టర్ నీళ్ళా? ఇల్లు యాడ?"

అప్పట్లో మేం బన్సీలాల్‌పేట్‌లో అద్దెకుండేవాళ్ళం. "బన్సీలాల్‌పేట్. నల్లా, బోరూ ఒకే ట్యాంకులో కలుస్తాయి" అన్నాను.

"కలుస్తయంటె నాకేం సమజయితది? సీసాల పట్టి తీస్కరా. అప్పటిదంక పత్తి ఇయ్య."

టీపొడిని ఆయన చాయ్‌పత్తి అనేవాడు, ముద్దొస్తే ఒట్టి పత్తి. ఆ రోజు నాకు ముద్దు రాలేదు, ఒళ్ళు మండింది. "మీరు అమ్మడానికి కూర్చున్నారా, ఇంటర్వ్యూలు చేయడానికి కూర్చున్నారా?" అని అరిచాను. ఆయన తొణకలేదు. "నీళ్ళు తెల్వకుంట ఇస్తె రేపు నా పత్తిని తిడ్తవు. నీ నీళ్ళను తిట్టవు కదా" అన్నాడు. ఈ ముసలాయన మొహం మళ్ళీ చూడకూడదనుకుని వచ్చేశాను.

మూడు వారాలు గోనెసంచి వాసన భరించాక, సిగ్గు విడిచి మళ్ళీ వెళ్ళాను. మా క్లాసు పిల్లలు చూస్తారేమోనని నీళ్ళ సీసా న్యూస్‌పేపర్‌లో చుట్టి పట్టుకెళ్ళాను. ఆయన ఆ సీసాని వెలుతురుకి పెట్టి చూసి, కెటిల్‌లో పోసి, మూడు డబ్బాలు దించాడు. డబ్బా తెరిచే ముందు మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు. మూడు కప్పుల్లోనూ తలా చెంచాడు పత్తి వేసి, నీళ్ళు పోసి, పళ్ళేలు మూసి, చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. నేను ఒక పళ్ళెం ఎత్తబోతే చెయ్యి మీద ఒకటి వేశాడు. తర్వాత చెంచాతో తీసుకుని జుర్రుమని పీల్చాడు. సందులో పోయే వాళ్ళు ఆగి చూసేంత చప్పుడు.

"నీ నీళ్ళల సున్నమున్నది. అస్సాంది ఒక్కటే ఏస్తె పైన తెట్టె కడ్తది. జెర నీలగిరిది పడాలె" అని, ఇంకో రెండు డబ్బాలు దించి, కలిపి, ఒక కప్పు నా ముందుకి తోశాడు. తాగాను. వెచ్చగా దిగింది, దిగాక నోట్లో సన్నగా ఏదో పూల వాసన మిగిలింది. మూడు నెలలుగా నేను వెతుకుతున్నది అదే. ఆయన చెప్పిందే నిజమైనందుకు ఇంకా మండింది.

"ఎట్లుంది?"

"బాగుంది."

"మంచిగుంది అంటె జవాబు కాదు. ఎట్ల మంచిగుంది?"

జవాబు ఒక్కటీ రాస్తే చాలదు, ఎలా వచ్చిందో స్టెప్పులు చూపించాలని ఇరవై ఏళ్ళుగా నేను పిల్లల ప్రాణాలు తోడుతున్నాను. వాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అయితే ఆ రోజుల్లో నేను నోరు తెరిచే లోపే జవాబు కూడా ఆయనే చెప్పేసేవాడు. చెప్పి, ఇంత చిన్న సంగతి తెలియలేదా అన్నట్టు చూసేవాడు.

ఆయన పెట్టే నిబంధనలు ఒకటీ రెండూ కాదు. పాలు పోయడమంటే టీకి దుప్పటి కప్పడమనేవాడు. "చక్కెర ఏసుకునెటోడు చాయ్ తాగడు, చక్కెర తాగుతడు" అనేవాడు. ఫిల్టర్ నీళ్ళని ముర్దా నీళ్ళనేవాడు, పత్తి ఎంత వేసినా వాటికి జీవం రాదట. నిమ్మకాయ పిండుకుంటానంటే, "ముందు తాగి చూడు. తప్పుజేసిన చాయ్‌కే నిమ్మకాయ కావాలె" అని అడ్డుపడేవాడు. అత్తరు పూసుకొచ్చిన వాళ్ళని మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను తల్లో మల్లెపూలు పెట్టుకుని వెళ్ళాను. "గవి తీసి బయట పెట్టిరా. నీ పూలు వాసన జూడాల్నా, నా పత్తి వాసన జూడాల్నా?" అన్నాడు. మూర పూలు తీసి బయట ఎవరిదో స్కూటరు సీటు మీద పెట్టి వచ్చాను. తిరిగొచ్చేసరికి స్కూటరూ లేదు, పూలూ లేవు.

ఇంత చాదస్తం భరిస్తూ ఎందుకు వెళ్ళేదానివంటే, పొద్దున్నే ఒక్క కప్పు కోసం. ఆ కప్పు బాగుంటే ఎనిమిదో తరగతి బి సెక్షన్‌ని కూడా ఓర్చుకోగలిగేదాన్ని.

లాక్‌డౌన్‌లో ఆ కొట్టు చాలాకాలం మూసేశారు. తెరిచాక వెళితే ఆయన సగమయ్యాడు. "జరం వచ్చిపోయింది" అన్నాడు, అంతే. అప్పటినుంచి మనిషి మారాడు. మల్లెపూలతో వెళ్ళినా ఏమీ అనలేదు. ఇన్నాళ్ళకి మర్యాద నేర్చుకున్నాడనుకుని సంతోషించాను. ఒక రోజు కెటిల్‌లో నీళ్ళయిపోయి అడుగు మాడి కంపు కొడుతుంటే, పక్క కొట్టు ఆయన పరుగెత్తుకొచ్చి స్విచ్ తీసేదాకా ఈయన కదల్లేదు. వయసు మీద పడుతోందనుకున్నాను. అన్నిటికన్నా పెద్ద మార్పు ఏమిటంటే, ఎట్ల మంచిగుంది అని అడిగి, జవాబు తను చెప్పడం మానేశాడు. మూడు కప్పులు నా ముందు పెట్టి, తనూ ఓసారి జుర్రి, కళ్ళార్పకుండా నా మొహం చూసేవాడు. నేను చెప్పింది చీటీ మీద రాసి డబ్బాకి అంటించేవాడు.

మొదటి ఏడాది నిజమే చెప్పాను. తర్వాత మేం ఏ.ఎస్. రావు నగర్‌కి మారాం. కొత్త నీళ్ళ సీసా పట్టుకెళ్ళి మళ్ళీ మొదటి నుంచి మొదలు. శనివారం ఒంటిగంటన్నర బస్సు తప్పితే ఇంకో ముప్పావు గంట స్టాపులో ఎండలో నిలబడాలి. ఈయనేమో మొదటిదానికీ మూడోదానికీ తేడా చెప్పమంటాడు. తల ప్రాణం తోకకొచ్చేది. కొన్నాళ్ళకి ఒక కిటుకు కనిపెట్టాను. మొదటి కప్పు బాగుందంటే మిగతా రెండిటితో పోల్చి చెప్పమనేవాడు. మూడోది బాగుందంటే, మొదటిది మర్చిపోయావేమో మళ్ళీ తాగమనేవాడు. నడిమిది అంటే మాత్రం వెంటనే వదిలేసేవాడు. అప్పటినుంచి తాగీ తాగకుండానే, "నడిమిది చాచా. మొదట గట్టిగా తగిలింది, చివర కొంచెం తీపి" అనేసి పొట్లం తీసుకుని పరుగెత్తేదాన్ని. ఈ పాఠం దాదాపు ఏడాది అప్పజెప్పాను.

ఆ ఏడాదిలోనే మా ఇంట్లో టీ పాడైంది. ముందు కొత్త ఇంటి నీళ్ళనుకున్నాను. తర్వాత కొత్త గిన్నె అనుకున్నాను. చివరికి మా వారి ఎర్ర ప్యాకెట్టులోంచి రెండు చెంచాలు దొంగతనంగా తీసుకునే దాకా వచ్చింది. "అయిపోయిందా రీసెర్చ్?" అని ఆయన నవ్వారు.

ఒక శనివారం కొట్టుకి వెళ్ళేసరికి, బన్సీలాల్‌పేట్ నుంచి నలభై ఏళ్ళుగా ఆయన దగ్గరే పత్తి కొంటున్న ఒక పెద్దావిడ గల్లా మీద పొట్లం విప్పి పెట్టి నిలబడి ఉంది.

"ఏందీ భాయ్ ఇది? మన్ను ఉడకబెట్టినట్టున్నది."

"నీ నీళ్ళు మారినయేమో అమ్మా."

"నీళ్ళు గవే, గిన్నె గదే, నేను గదే. నువ్వే మారినవు. గిట్లయితే రేపటి సంది ప్యాకెట్టే కొనుక్కుంట" అని ఆమె పొట్లం అక్కడే వదిలేసి మెట్టు దిగి వెళ్ళిపోయింది. ఆయన ఆ పొట్లాన్ని మళ్ళీ కట్టి పక్కన పెట్టాడు.

అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది. సందు దొరికింది కదా అని అందుకున్నాను. "ఆవిడ చెప్పింది నిజమే చాచా. నాలుగు నెలలుగా మీ పత్తి నోట పెట్టలేకపోతున్నాను."

"నాలుగు నెలలా?" అన్నాడు మెల్లగా. "గీ నాలుగు నెలలు సుత నువ్వు మంచిగుందనే చెప్పినవు కదా."

"ఇక్కడ బాగానే ఉంటుంది. ఇంటికెళ్ళాకే..." అని ఏదో నసిగాను. ఆయన కెటిల్ పెట్టాడు. డబ్బా దించి, నా వైపు వీపు పెట్టి మూడు కప్పుల్లో పత్తి వేసి, పళ్ళేలు మూసి, గడియారం చూసి, మూడూ నా ముందుకి జరిపాడు. నేనూ గడియారం చూసుకున్నాను. ఒంటిగంటా ఇరవై. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, అప్పుడు కూడా మూడు గుక్కలు తాగి ఆ పాఠమే అప్పజెప్పాను.

"నడిమిది. మొదట గట్టిగా తగిలింది, చివర కొంచెం తీపి."

"మూడు ఒక్క డబ్బలయే" అన్నాడు. "నీళ్ళు సుత ఒక్క కెటిల్‌వే."

పట్టుబడ్డ వాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను, ఎదురుదాడికి దిగాను. "నాకే పరీక్ష పెడతారా? టీపొడి కొనుక్కోవడానికి వచ్చిన మనిషిని ఇన్నేళ్ళు నిలబెట్టి ప్రశ్నలడగడమేమిటి? రుచి చూసేది మీ పని, నా పనా? మీరే చూసుకోవచ్చు కదా!"

"నాకు తెల్వదు."

"ఏం తెలియదు?"

"వాసన తెల్వదు, రుచి తెల్వదు. జరం పొయ్యింది, పొయ్యేటప్పుడు గవి తీస్కపొయ్యింది. డాక్టరు వస్తదన్నడు. రెండేండ్లాయె, రాలేదు. చాయ్ తాగితె వేన్నీళ్ళు తాగినట్టుంటది."

"మరి ఆ జుర్రడం?"

"మంది చూస్తరు కదా" అన్నాడు.

నాకు మల్లెపూలు గుర్తొచ్చాయి. మాడిన కెటిల్ గుర్తొచ్చింది. ఇంత కళ్ళ ముందున్నది కనిపించనందుకు నా మీద కోపం రావాలి, ఆయన మీదే వచ్చింది. "ముందే చెప్పి ఏడవచ్చు కదా!" అని అరిచాను.

"ఎవరికి చెప్పాలె? ముక్కు లేనోని కాడ పత్తి ఎవరు కొంటరు? ఈ దుకాణంల ఇంకేమున్నది అమ్ముటానికి?"

"ఇంతమంది వస్తారు. పోయి పోయి నన్నే ఎందుకు పట్టుకున్నారు?"

ఆయన కప్పుల్లో టీ ఒకటొకటిగా బకెట్లోకి ఒంపేశాడు. "అందరు మంచిగుందని చెప్పి పోతరు. నువ్వు మొదటి రోజే నాతోటి కొట్లాడినవు. కొట్లాడెటోళ్ళు అబద్ధం చెప్పరనుకున్న" అన్నాడు.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. తల తిప్పుకుని గోడ వైపు చూశాను. డబ్బా డబ్బాకీ ఆయన గుండ్రటి చేతిరాతతో చీటీలు. 'నడిమిది. ముంగట గట్టి, ఎన్క తీపి.' దాని పక్కదాని మీద అదే. కింది వరసలోనూ అదే. నా విసుగు మొత్తం ఆయన డబ్బాలకి అంటించి ఉంది. ఆ చీటీలు నమ్మి ఆయన కలిపాడు, కలిపింది నలభై ఏళ్ళ నమ్మకంతో ఆ పెద్దావిడ కొనుక్కెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు బస్సు సంగతి మర్చిపోయి, డబ్బాలన్నీ దించమన్నాను. చీకటి పడేవేళకి సగం చీటీలు చింపగలిగాం.

అప్పటినుంచి ప్రతి శనివారం ఒంటిగంటకి ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని నిజం చెప్పడం నా పని. నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆయన వేధింపు తగ్గుతుందనుకుంటే రెట్టింపయింది. "మట్టి వాసన వస్తోంది" అంటే, "ఏ మట్టి? వాన పడ్డ మట్టా, కొత్త కుండ మట్టా?" అనేవాడు. "చేదుగా ఉంది" అంటే, "కాకరకాయ చేదా, మెంతుల చేదా?" అనేవాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది, నాతో వాదనకి దిగేవాడు.

"చేదు ముందే వస్తోంది చాచా."

"రాదు. గీ పత్తికి చేదు ఎన్కకి వస్తది. మల్ల తాగు."

"నాలుక నాదా, మీదా? మీకు రుచే తెలియదు కదా!"

"తెల్వకుంటేంది? యాది ఉన్నది."

మళ్ళీ తాగితే చేదు నిజంగానే వెనకే వచ్చేది. నోట్లో వేణ్ణీళ్ళు తప్ప ఇంకేమీ తెలియని మనిషి, జ్ఞాపకం మీద నిలబడి నా నాలుకని తప్పు పడుతుంటే ఎంత మంటగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇంటికెళ్ళి మా వారి మీద అరిచేదాన్ని. ఆయన ఎర్ర ప్యాకెట్టు టీ ఊదుకుంటూ వినేవారు.

మెల్లగా పత్తి దారికొచ్చింది. మానేసిన వాళ్ళు కొందరు తిరిగొచ్చారు. బన్సీలాల్‌పేట్ పెద్దావిడ రాలేదు. ఆయన పైకి అడగడు, కానీ మెట్టు మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా చూసేవాడు. ఒక ఆదివారం నేనే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, కొత్తగా కలిపిన పావుకిలో ఇచ్చాను. తప్పు ఆయనది కాదు, నాదని కూడా చెప్పాను. ఆమె పొట్లం వాసన చూసి, "మంచిగనే ఉంది. కానీ నాకిప్పుడు ప్యాకెట్టే అలవాటయింది బిడ్డా" అంది. వచ్చే శనివారం ఆయనకి ఏం చెప్పాలో వారమంతా ఆలోచించాను. ఊళ్ళో లేదని చెబుదామా అనుకున్నాను. వెళ్ళి, "రానంది చాచా" అన్నాను. ఆయన చాలాసేపు డబ్బా మూత మీద కణుపుతో కొడుతూ కూర్చున్నాడు. "సరే. నిజం చెప్పినవు" అన్నాడు. ఆ తర్వాత మెట్టు వైపు చూడటం మానేశాడు.

రెండు నెలల క్రితం స్కూలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. ఏడు శనివారాలు ఇంట్లోనే. రాలేనని ఆయనకి కబురైతే పంపాను, నేను లేకుండా ఆయన పత్తి ఎలా కలుపుతాడన్నది మాత్రం నాకు తట్టలేదు. కట్టు విప్పించుకుని గురువారం స్కూలుకి వెళ్ళి, మధ్యాహ్నం సందులోకి తిరిగితే షట్టరు దించి ఉంది. పక్క కొట్టు ఆయన చెప్పాడు. నిద్రలోనే పోయాడట, ఎవరికీ తక్లీఫ్ ఇవ్వలేదట. నన్ను ఇన్నేళ్ళు పెట్టిన తక్లీఫ్ సంగతి ఆయనకేం తెలుసు. శనివారం పూట కూతురు వచ్చి తెరుస్తుందని కూడా చెప్పాడు.

మర్నాడు సూపర్ మార్కెట్‌లో ఆ కాగితం కప్పు. ఆ మర్నాడు, అంటే మొన్న శనివారం, కొట్టుకి వెళ్ళాను.

గల్లా వెనక ముప్పై ఏళ్ళ అమ్మాయి. తండ్రి లాగే బక్కపలచటి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్నూ నా కుంటినడకనీ చూసి, "లెక్కల టీచర్ ఆంటీ మీరేనా? మా అబ్బా చెప్తుండె, కాలు బాగయినంక వస్తరని" అంది. తలూపాను. నేను ఓదార్పు మాటలు కూడదీసుకునే లోపే కెటిల్ పెట్టి, కప్పు మీద పళ్ళెం మూసి, గడియారం చూసి, నా ముందుకి జరిపింది.

"అబ్బా ఆఖరికి కలిపింది ఇదే ఆంటీ. మీరు లేకుంటిరి కదా, యాది మీదనే కలిపిండు. నేను ఉద్యోగం మానేసిన. సోమవారం సంది దుకాణం నేనే నడిపిస్త. అందరికి ఇదే ఇద్దామనుకుంటున్న" అంది. "తాగి చూడుండ్రి. మంచిగుందా?"

తాగాను. బాగాలేదు. కొత్త పంట ఆకు వచ్చినట్టుంది. అది తెలియక పాత జ్ఞాపకంతో కలిపాడు. చేదు ముందే తగిలి అక్కడే కూర్చుంది, పూల వాసన ఎక్కడా లేదు. నేను కాలు దిండు మీద పెట్టుకుని టీవీ చూస్తున్న రోజుల్లో, ఈ స్టూలు ఖాళీగా ఉంటే, ఆయన ఒక్కడూ వేణ్ణీళ్ళు జుర్రుకుంటూ దీన్ని కలిపాడు. ఆ పిల్ల కళ్ళార్పకుండా నా మొహమే చూస్తోంది. తండ్రి పోయి నెల కాలేదు. 'బాగుందమ్మా' అన్న మాట పెదవి దాకా వచ్చేసింది. ఎవరైనా అదే అంటారు, అంటే తప్పు పట్టేవాళ్ళు కూడా లేరు. సోమవారం దీన్నే పొట్లాలు కడుతుంది. మెట్టు దిగి పోయే వాళ్ళని మళ్ళీ ఇంకొకరు చూస్తూ నిలబడాలి.

"బాలేదమ్మా" అన్నాను. "మీ నాన్నగారి చేతిదే, కానీ బాలేదు."

ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను, ఎందుకన్నానా అని నన్ను నేను తిట్టుకున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గల్లాలోంచి ఒక చీటీ, పెన్నూ తీసింది. పై అరలోంచి డబ్బా దించి, మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది.

"బాలేదంటె జవాబు కాదు ఆంటీ" అంది. "ఎట్ల బాలేదు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. గడియారం ఒంటిగంటా ఇరవై అయిదు చూపిస్తోంది, విరిగిన కాలు సలుపుతోంది. బస్సు పోతే పోయిందని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ముందు నీళ్ళు పెట్టు" అన్నాను.